బొమ్మ కుదిరేదాకా

“ఈ గోడకి ఈ రంగు వేసిందెవరండీ?”

టీవీ బిగించడానికి వచ్చినతను అన్న మొదటి మాట అది. ఇంకా చెప్పులు విప్పలేదు, భుజం మీది సంచి దించలేదు. గుమ్మంలో నిలబడి, ఇంట్లో మనుషులున్నారన్న సంగతే పట్టనట్టు, ఎదురుగా ఉన్న గోడ వంక చూస్తున్నాడు.

ఆ గోడ నిండా నారింజ రంగు. అమ్మడు తన చేతులతో కలిపి, తనే నిచ్చెనెక్కి, పైట బిగించి వేసుకున్న రంగు. పెయింట్ల షాపులో రంగులు కలపడమే ఆమె ఉద్యోగం. ఎవరైనా ఓ గుడ్డపీలికో, విరిగిన గాజుముక్కో తెచ్చి అచ్చం ఇదే రంగు కావాలంటే, దాన్ని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, డబ్బాలో నాలుగు చుక్కలు వేసి, గిలక్కొట్టి, అదే రంగు చేతిలో పెడుతుంది. అలాంటి పిల్ల ఇంటి గోడకి వంక పెట్టినవాళ్ళు ఇంతవరకూ లేరు.

“నేనే వేశాను. ఏం?” అంది అమ్మడు.

“రంగు బాగుందండీ. టీవీ వెనకాల ఉండటమే బాగాలేదు. కన్ను తెరనొక్కదాన్నే చూడదు కదా, చుట్టూ ఉన్న గోడనీ చూస్తుంది. ఇంత నారింజ మధ్యలో పెడితే తెర మీద మనుషులందరూ నీలంగా పాలిపోయి కనిపిస్తారు.”

“అయితే గోడ పడగొట్టమంటారా?”

“అంత పని వద్దు. బూడిద రంగు వేస్తే చాలు” అన్నాడతను, చాలా చిన్న విషయం చెప్పినట్టు.

అమ్మడికి ఒళ్ళు మండింది. బూడిద రంగు ఆమె షాపులో షట్టర్లకీ గేట్లకీ తప్ప ఎవరూ అడగరు. వచ్చీ రాగానే ఇంట్లోకి బూడిద తెమ్మనే మనిషిని ఏమనాలో తోచక, మంచినీళ్ళు తెచ్చే నెపంతో లోపలికి వెళ్ళిపోయింది.

దివాను మీద పడుకున్న బామ్మ మాత్రం నవ్వుకుంది. “కూర్చో నాయనా. గోడ సంగతి తర్వాత చూద్దాం, ముందు నా సముద్రం చూపించు” అంది.

బామ్మ సముద్రం గురించి చెప్పాలి. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురే: స్కూలు బస్సు నడిపే నాన్న, అమ్మడు, నాన్నని కన్న బామ్మ. అమ్మ లేని పిల్లని బామ్మే పెంచింది. మోకాళ్ళు మొరాయించాక ఆవిడ దివాను దిగడం మానేసింది. అప్పట్నించీ చేపలూ, అలలూ, పడవలూ చూపించే కార్యక్రమాలకి అతుక్కుపోయింది. నీళ్ళు చూస్తుంటే నొప్పి తెలియదని ఆవిడ అంటుంది. పాత డబ్బా టీవీ ప్రాణం విడిచిన రోజు బామ్మ అన్నం సరిగ్గా తినలేదు. అది చూసి నాన్న ఇంత పెద్ద టీవీ కొనేశాడు.

అతను పని మొదలుపెట్టాడు. ముందుగా, నాన్న భద్రంగా దాచిన పాత టీవీ వైరు పక్కన పడేశాడు. కొత్త టీవీకి ఆ పసుపు పిన్ను వైరు తగిలిస్తే ఎంత మంచి బొమ్మయినా మసకేసిపోతుందని చెప్పి, సంచిలోంచి వేరే కేబుల్ తీసి పెట్టాడు. తెర వెలిగింది. వార్తలు చదివే అమ్మాయి బుగ్గలు ఉబ్బి, భుజాలు సాగి, ఒక్క రోజులో ఒళ్ళు చేసినట్టు కనిపించింది. పాత కొలత బొమ్మని కొత్త తెర అడ్డంగా సాగదీస్తోందని చెప్పి అతను ఏదో నొక్కాడు. ఆ అమ్మాయి మళ్ళీ సన్నబడింది. తర్వాత అతను రంగుల జోరు తగ్గించాడు.

అక్కడ నాన్న అడ్డుపడ్డాడు. “షాపులో ధగధగా మెరిసిందయ్యా. ఇదేంటి ఇలా చల్లారిపోయింది?”

“షాపులో పక్కనున్న టీవీలతో పోటీ కదండీ, అందుకే అలా పెడతారు. మీ ఇంట్లో దీనికి పోటీ ఎవరు?”

నాన్న ఆలోచనలో పడ్డాడు. వంటింటి గుమ్మంలో నిలబడిన అమ్మడికి నవ్వొచ్చింది గానీ, పైకి రానివ్వలేదు.

అంతా అయ్యాక అతను రిమోట్ చేతిలో పట్టుకుని దివాను పక్కన కింద కూర్చున్నాడు. అది అతని పద్ధతి. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళు ‘బాగుంది’ అనేదాకా పని అయినట్టు లెక్కలోకి రాదు. రోజంతా టీవీ ముందు ఉండేది వాళ్ళేనట. ఒకప్పుడు ఓ ఇంట్లో పిల్లల మాట విని వచ్చేస్తే, ఆ ఇంటి ముసలాయన తలనొప్పితోనే వారం పైగా చూశాడట, ఎవరికీ చెప్పకుండా.

“ఇప్పుడు బాగుందా బామ్మగారూ?”

బామ్మ కిటికీ వైపు తల పెట్టుకుని, బుగ్గ దూది దిండులోకి కూరుకుపోయేలా పక్కకి తిరిగి చూస్తోంది. “నీలంగా ఉంది నాయనా. చలేసినట్టుంది” అంది. అతను కాస్త పసుపు ఛాయ కలిపాడు. ఇంకాస్త అంది. ఇంకాస్త కలిపాడు.

“ఊఁ. పరవాలేదు.”

“పరవాలేదు అంటే కుదరదండీ. బాగుంది అనాలి.”

“రేపు చూసి చెప్తాలే. ఇవాళ్టికి పో” అంది బామ్మ.

అతను చెప్పులు వేసుకుంటూ అమ్మడి వైపు తిరిగాడు. గోడ గురించి మళ్ళీ ఏమైనా అంటే గట్టిగా సమాధానం చెబుదామని ఆమె సిద్ధంగా ఉంది. “మోచేతి మీద ఆకుపచ్చ అంటుకుందండీ” అని చెప్పి వెళ్ళిపోయాడతను. చూసుకుంటే నిజమే. గోరంత మరక. నిన్న షాపులో ఎప్పుడు పడిందో ఆమెకే తెలియదు.

---

ఆ సాయంత్రమే బామ్మ గోల మొదలుపెట్టింది. సముద్రం సముద్రంలా లేదు, ఎవరో పసుపు కలిపినట్టుందని. అమ్మడు వచ్చి చూసింది. రంగులు తెలిసిన కన్ను కదా, బొమ్మలో పసుపు కొంచెం ఎక్కువైన మాట నిజమేననిపించింది. ఫోన్ చేసింది.

మర్నాడు అతను పనులన్నీ ముగించుకుని సాయంత్రం వచ్చాడు. బామ్మ అప్పటికే తలుపు గాలి కోసం అటువైపు తల పెట్టుకుని పడుకుని ఉంది. పసుపు తీసెయ్యమంది, ఇంకా తీసెయ్యమంది. అతను తీసేశాడు. గదిలో ట్యూబులైటు కాంతి తెర మీద పడి మెరుస్తోందని దాన్ని ఆర్పించాడు. సంచిలోంచి ఓ చిన్న కరెంటు దీపం తీసి టీవీ వెనకాల, గోడకి తిప్పి పెట్టాడు. చీకట్లో వెలుగుతున్న తెరనే చూస్తే కళ్ళు అలసిపోతాయి, వెనకాల ఈ కాస్త వెలుతురుంటే హాయిగా ఉంటాయని చెప్పాడు.

ఆ దీపం వెలిగాక గది మారిపోయింది. నారింజ గోడ మెత్తబడి సాయంకాలపు ఆకాశమైంది. తెర మీద అల లేచి, వంగి, విరిగినప్పుడల్లా నీలపు నీడ ఒకటి గది చుట్టూ తిరిగి వచ్చింది. బామ్మ మొహం మీద, కుర్చీలో కునుకుతున్న నాన్న మొహం మీద, కింద కూర్చున్న అతని మొహం మీద. అమ్మడు తలుపుకి ఆనుకుని నిలబడి, తెర చూడాల్సింది పోయి అతన్ని చూసింది. అతను మాత్రం తెర చూడటం లేదు, బొమ్మ ఎలా ఉందో బామ్మ మొహంలో వెతుకుతున్నాడు. ఓ ముసలావిడ హాయిగా చూస్తోందా లేదా అని ఇంత శ్రద్ధగా చూసే మనిషిని ఆమె అంతకుముందు చూడలేదు.

అప్పుడు తట్టింది ఆమెకి. బొమ్మ కుదిరిందంటే ఇతను మళ్ళీ రాడు.

ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గేసింది. అతను రాడన్నందుకు బెంగ కూడా వేసింది. బామ్మ ‘బాగుంది’ అనకూడదని మనసులో కోరుకుంది, కోరుకుని తనని తానే తిట్టుకుంది.

బామ్మ అనలేదు. ఆ సాయంత్రం ‘పరవాలేదు’ అంది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ నీలం అంది.

అలా సాగింది వ్యవహారం. అతను ఒకసారి పొద్దున వచ్చేవాడు, ఒకసారి సాయంత్రం. ఓ రోజు టీవీని కిందికి దించి, పడుకున్న బామ్మ కళ్ళకి సమానమైన ఎత్తులో బిగించాడు. ఇంకో రోజు దివానునే రెండు మూరలు ముందుకి లాగాడు. ఇంత పదునైన బొమ్మని అంత దూరం నుంచి చూడటం దండగ అన్నాడు. మనుషులు నడుస్తుంటే జారిపోతున్నట్టు కనిపించే సెట్టింగేదో తీసేశాడు. ప్రతిసారీ గోడ వంక ఒక చూపు చూసేవాడు, నోరు మాత్రం మెదపడు. నోరు మెదపకపోవడం మరీ ఉక్రోషంగా ఉండేది అమ్మడికి.

“అనండి, అనాలనుకున్నది” అంది ఓసారి టీ గ్లాసు అందిస్తూ.

“ఏమీ లేదండీ. అలవాటు పడుతున్నాను.”

“గోడకా?”

“గోడక్కూడా” అని గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు.

ఆ ‘కూడా’ ఆ రోజంతా ఆమె వెంట తిరిగింది. ఎవరో గుమ్మాలకి తేనె రంగు అడిగితే గులాబీ కలిపి ఇచ్చింది. షాపు ఓనరు డబ్బా మూత తీసి చూసి, ఆమె మొహం చూసి, మూత మళ్ళీ పెట్టేశాడు. “ఇంటికెళ్ళు తల్లీ. ఇవాళ నీ కళ్ళు ఇక్కడ లేవు” అన్నాడు.

నాన్న కూడా గమనించకపోలేదు. “ఈ టీవీకి మనకంటే ఆ అబ్బాయే దగ్గర చుట్టంలా ఉన్నాడే” అన్నాడు భోజనాల దగ్గర. మామూలుగా అన్న మాటే. కానీ అమ్మడు కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది. అప్పటిదాకా తీయగా ఉన్నదంతా మరో వైపు నుంచి కనిపించింది. పెయింటింగ్ మేస్త్రీ ఒకడు ఆమెకి తెలుసు. ఆఖరి కోటు కావాలనే ఓ ఛాయ తేడాగా వేసి, ఇంటివాళ్ళు మళ్ళీ పిలిచేలా చేసుకునేవాడు. ఆ మనిషంటే ఆమెకి అసహ్యం.

ఆ సాయంత్రం అతను వచ్చి బొమ్మ సర్ది లేచాక, తెర వంక ఆమె షాపు కళ్ళతో చూసింది. మనుషుల మొహాలు నీలం తిరిగి ఉన్నాయి. అంతకుముందు పొద్దున వచ్చి పెట్టినప్పుడు పసుపు తిరిగి ఉన్నాయి. గుమ్మంలోంచే గోడ రంగుని తప్పుపట్టినవాడికి, మోచేతి మీద గోరంత మరకని పట్టేసినవాడికి, ఇది కనిపించదా?

గుమ్మం దాటాక ఆపింది అతన్ని. బయట సన్నగా జల్లు మొదలైంది.

“మీకు రంగులు తెలుసు. నాకంటే బాగా తెలుసేమో కూడా. అయినా ప్రతిసారీ తప్పుగా పెట్టి వెళ్తున్నారు. మళ్ళీ రావడానికే కదా?”

అతను సంచి కింద పెట్టాడు.

“మళ్ళీ రావాలని కోరుకున్న మాట నిజమేనండీ. అబద్ధం ఎందుకు చెప్పాలి. ఇక్కడికి రావాల్సిన రోజు నాకు తెల్లారకుండానే మెలకువ వచ్చేస్తుంది. కానీ దానికోసం పని చెడగొట్టలేదు. ఆ బొమ్మ నీలంగా ఉందని నాకూ కనిపిస్తోంది. కానీ చూడాల్సింది మీ బామ్మగారు. ఆవిడకి ఎలా కావాలంటే అలా పెట్టాను.” సంచి భుజానికి ఎత్తుకున్నాడు. “మీరు నన్నేమన్నా పడేవాణ్ణి. నా పనిని అన్నారు.”

వెళ్ళిపోయాడు. దీపం తీసుకోవడం మర్చిపోయాడు, లేక వదిలేశాడు. అమ్మడు చాలాసేపు గుమ్మంలోనే ఉండిపోయింది. ఓ అబ్బాయి తనంటే ఇష్టమని చెప్పడం ఆమె జీవితంలో అదే మొదటిసారి. ఆ మాటని అతని నోటినుంచి ఒక నిందతో రాబట్టుకుంది.

---

తర్వాత ఫోన్ చేస్తే వేరే మనిషి వచ్చాడు. చెప్పులతోనే లోపలికొచ్చి, ఒక్క మీట నొక్కి, షాపులోలాగా ధగధగలాడించి, ఐదు నిమిషాల్లో బయటపడ్డాడు. నాన్న ఒక పూట సంబరపడ్డాడు. బామ్మ మాత్రం కళ్ళు మూసుకుని, “నా సముద్రాన్ని ఏం చేశారే” అని అటు తిరిగి పడుకుంది. ఆ చిన్న దీపం మాత్రం అమ్మడు రోజూ వెలిగిస్తూనే ఉంది.

సెలవు రోజు వచ్చింది. అమ్మడు బూడిద రంగుల నమూనా అట్టలు షాపునుంచి ఇంటికి తెచ్చుకుంది. ఎందుకు తెచ్చావని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. పొద్దున వాటిని గోడకి ఆనించి చూస్తూ, ఏది బాగుందే అని బామ్మని అడిగింది.

“బూడిదేంటే? అన్నీ నీలాలే కదా” అంది బామ్మ.

అమ్మడు పట్టించుకోలేదు. అట్టలు అక్కడే గోడ వారగా వదిలేసి తన పనిలో పడింది. సాయంత్రం దీపం వెలిగించబోతుంటే బామ్మ మళ్ళీ పిలిచింది. “పొద్దుటివే నయం. ఈ మట్టిరంగు అట్టలు మరీ దరిద్రంగా ఉన్నాయి” అంది.

అవి పొద్దుటి అట్టలే.

గీసిన అగ్గిపుల్లలా ఆ మాట అమ్మడి బుర్రలో ఒక్కసారి వెలిగింది. తిరిగి బామ్మని చూసింది. తల తలుపు వైపు. ఎడమ బుగ్గ దిండులోకి కూరుకుపోయి, ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయి ఉంది. చూస్తున్నదంతా కుడి కంటితోనే. పొద్దున ఎండ మొహాన పడకుండా కిటికీ వైపు తల పెట్టుకుంటుంది కదా, అప్పుడు దిండులో మునిగేది కుడి కన్ను.

ఎడమ కంటికి ఎండాకాలంలో శుక్లాల ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక అద్దంలో తన ముడతలన్నీ కనిపించాయని అలిగి, రెండో కంటికి బామ్మ ఒప్పుకోలేదు. ఇంట్లో అందరూ ఆ సంగతే మర్చిపోయారు. శుక్లం పొర అడ్డున్న కుడి కంటికి అన్నీ పసుపు తిరిగి, పొర తీసేసిన ఎడమ కంటికి నీలం తిరిగి కనిపిస్తున్నాయన్నమాట.

అమ్మడు దిండు లాగేసి బామ్మని లేపి కూర్చోబెట్టింది. కుడి కన్ను అరచేత్తో మూసి అట్ట చూపించింది. నీలం అంది బామ్మ. ఎడమ కన్ను మూసింది. మట్టిరంగు అంది బామ్మ. మూసి తెరిచి, మూసి తెరిచి, చివరికి ఆవిడే ఆశ్చర్యపోయింది. “అయితే ఇన్నాళ్ళూ నాలో ఇద్దరు ముసలమ్మలున్నారన్నమాట” అంది.

అమ్మడు పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. అతను పొద్దున వచ్చి ఒక కంటికి సర్దాడు, సాయంత్రం వచ్చి ఇంకో కంటికి సర్దాడు. రెండు పూటలా నిజాయితీగానే సర్దాడు.

“ఏడుపెందుకే?”

“అతన్ని అనరాని మాట అన్నాను బామ్మా.”

“మరి నా దగ్గర కూర్చుని ఏడిస్తే అతనికేం తెలుస్తుంది? వెళ్ళి చెప్పు.” బామ్మ మనవరాలి మొహాన్ని ఒకసారి ఆ కంటితో, ఒకసారి ఈ కంటితో చూసింది. “రెండో కంటికి కూడా చేయించుకుంటాను. కానీ కట్టు విప్పిన రోజు ఆ అబ్బాయే వచ్చి బొమ్మ పెట్టాలి. ఇంకెవరొచ్చినా కళ్ళు తెరవను.”

---

టీవీల షోరూములో గోడ పొడుగునా తెరలే. అన్నింట్లోనూ ఒకటే సముద్రం, ఒక్కో తెరలో ఒక్కో నీలం. ఆ అలలన్నింటి మధ్య అతను అటు తిరిగి నిలబడి ఏదో సర్దుతున్నాడు. అమ్మడు వానలో తడిసి వచ్చింది. గొడుగు చేతిలోనే ఉంది, తెరవడం గుర్తులేదు.

దిండు సంగతీ, రెండు కళ్ళ సంగతీ గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. అతను విని, పక్కనున్న అట్టపెట్టె మీద కూలబడ్డాడు.

“ప్రతిసారీ బామ్మగారినే అడిగాను. ఏ కంటితో చూస్తున్నారో అడగలేదు” అన్నాడు.

“నేను మిమ్మల్ని అన్నది తప్పు. మీ పనిని అన్నది ఇంకా తప్పు. క్షమించమని అడగడానికి వచ్చాను.”

అతను తల ఊపాడు. కోపం లేదు ఆ మొహంలో. కోపముంటే బాగుండుననిపించింది ఆమెకి, కోపం ఉన్నచోట ఇంకేదో కూడా మిగిలుంటుంది. “బామ్మగారి కోసం తప్పకుండా వస్తానండీ. ఈసారి ఒక్క రాకతో అయిపోతుంది. రెండు కళ్ళూ ఒక్కటయ్యాక ఇంక తేడా రాదు” అన్నాడు.

ఒక్క రాకతో అయిపోతుంది. ఆ మాట పట్టుకుని ఆమె వానలో తిరిగి వచ్చింది. అన్ని సముద్రాల మధ్య నిలబడి, అడగాల్సిన ఒక్క మాట అడగలేకపోయింది.

నోటితో చెప్పలేనిది చేతితో చెప్పాలని నిర్ణయించుకుంది. బామ్మ ఆస్పత్రికి వెళ్ళే రోజు దగ్గర పడుతుండగా షాపులో కిటికీ పక్కన కూర్చుని బూడిద రంగు కలిపింది. అది తేలికనుకుంది. ఏ రంగువైపూ ఒరగని బూడిద తీయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఓ చుక్క ఎక్కువైతే నీలం తొంగిచూస్తుంది, దాన్ని అణచబోతే మట్టిరంగు లేస్తుంది. బయట వాన ఆగకుండా కురుస్తోంది, వీధంతా మెత్తని వెలుగు. రంగు చూడటానికి అంతకంటే మంచి వెలుగు ఉండదు. కలిపింది, పారబోసింది, మళ్ళీ కలిపింది.

ఓనరు వచ్చి డబ్బాలోకి చూశాడు. “ఎవరి గేటుకమ్మా?”

“మా ఇంటికే సార్.”

“గేటు పెట్టించారా?”

“లేదు సార్. ఒకరికి తలుపు తెరుద్దామని” అంది. ఆయనకి అర్థమైందో లేదో గానీ, బ్రష్షు మంచిది ఏరి చేతిలో పెట్టాడు.

---

బామ్మ కట్టు విప్పిన రోజు అతను వచ్చాడు. నాన్న తలుపు తీశాడు. అతను గుమ్మంలో ఆగిపోయాడు. చెప్పులు విప్పలేదు, సంచి దించలేదు.

ఎదురుగా గోడ బూడిద రంగులో ఉంది. నీలం కాదు, గోధుమ కాదు, వాన వెలిసే ముందు ఆకాశం ఎలా ఉంటుందో అలా ఉంది. గోడ పక్కన అమ్మడు నిలబడి ఉంది, ఎటు చూడాలో తెలియక తన కాళ్ళ వంక చూసుకుంటూ.

“ఈ గోడకి ఈ రంగు వేసిందెవరండీ?” అన్నాడతను.

“నేనే. ఏం?” అంది ఆమె.

బామ్మ దివాను మీద నిటారుగా కూర్చుంది, నల్ల కళ్ళజోడు పెట్టుకుని మహారాణిలాగా. దిండుని నాన్న ఎక్కడో దాచేశాడు. “మీ మాటలు తర్వాత. ముందు నా సముద్రం” అంది.

అతను మొదటినుంచీ మొదలుపెట్టాడు. పాత సెట్టింగులన్నీ తుడిచేశాడు. వెలుగు తగ్గించాడు, నలుపు సరిచూశాడు, పసుపుకీ నీలానికీ నడిమధ్యన నిలిపాడు. తెర మీద అల లేచింది. నీళ్ళ కింద ఇసుకలో ఒక్కో రేణువూ కనిపించింది. గోడ ఎక్కడుందో తెలియకుండా వెనక్కి తప్పుకుంది. అంత మంచి బొమ్మ ఆ ఇంట్లో ఎప్పుడూ పడలేదు.

అతను దివాను పక్కన కింద కూర్చున్నాడు. “ఇప్పుడు బాగుందా బామ్మగారూ?”

బామ్మ కళ్ళజోడు తీసేసింది. కుడి కన్ను మూసి చూసింది. ఎడమ కన్ను మూసి చూసింది. రెండూ తెరిచి చూసింది. వద్దు బామ్మా, ఈ ఒక్కసారికీ పరవాలేదను చాలు, అనుకుంది అమ్మడు.

“బాగుంది” అంది బామ్మ.

అతని పని అయిపోయింది. లేచి నిలబడి, కేబుల్ ముక్కలు చుట్టి, స్క్రూడ్రైవర్ తుడిచి, ఒక్కొక్కటే సంచిలో వేసుకున్నాడు. ఎప్పుడూ అంత నెమ్మదిగా సర్దలేదు. దీపం తీసుకోబోయి, “ఇది ఇక్కడే ఉండనివ్వండి. దీనికి ఈ గోడే సరిపోయింది” అని, గుమ్మం వైపు నడిచాడు.

“ఎక్కడికి?” అంది బామ్మ.

“బొమ్మ కుదిరింది కదా బామ్మగారూ. ఇంక నాతో పనేముంది?”

“బొమ్మ కుదిరితే మనుషులు రావడం మానేస్తారా?”

అతను చెప్పులో పెట్టిన కాలు అలాగే ఉంచేశాడు. తర్వాత మాట్లాడాల్సింది ఎవరో ఆ గదిలో అందరికీ తెలుసు. అమ్మడు వచ్చి అతని ఎదురుగా, సరిగ్గా టీవీ ముందు నిలబడింది.

“నారింజ రంగంటే నాకు ప్రాణం” అంది. “ఆ గోడ నేను టీవీ కోసం మార్చలేదు. మీరు గుమ్మంలోకి రాగానే చూసేది అదే కదా, మీకు నచ్చాలని మార్చాను. బొమ్మ పాడైనప్పుడే కాదు, బాగున్న రోజుల్లో కూడా మీరు రావాలి. నాకు ఇంతకంటే చెప్పడం రాదు.”

అతను కాలు చెప్పులోంచి తీసేశాడు. తిరిగి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

“నేను ముందే చెప్పాను కదండీ.”

“ఏమని?”

“తెల్లారకుండానే మెలకువ వచ్చేస్తుందని. ఇప్పటికీ వస్తూనే ఉంది. లేచి ఏం చెయ్యాలో తెలియక కూర్చుంటున్నాను.”

కుర్చీలో కునుకుతున్నాడనుకున్న నాన్న కళ్ళు తెరవకుండానే అన్నాడు. “అలా కూర్చోవడమెందుకయ్యా, ఇక్కడికొచ్చెయ్. మీ ఇంట్లో పెద్దవాళ్ళని కూడా ఓసారి తీసుకురా, మాట్లాడతాను. కానీ ఆదివారాలు మాత్రం టీవీ నాకు షాపులోలాగా మెరవాలి.”

“మెరిపిస్తానండీ” అన్నాడతను, అమ్మడి మొహం మీంచి చూపు తిప్పకుండా. ఆమె నవ్వింది. ఈసారి నవ్వుని ఆపుకోలేదు. వాళ్ళ వెనకాల అల లేచి విరిగింది, ఆ నీలపు వెలుగు ఇద్దరి అంచులమ్మటా పాకింది.

బామ్మ రెండు కళ్ళతోనూ వాళ్ళిద్దరినీ తనివితీరా చూసింది. చూసి, చూసి, చివరికి కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది.

“ఇంక కాస్త పక్కకి జరగండి నాయనా. సముద్రం కనబడ్డం లేదు.”

ఇద్దరూ ఒకే పక్కకి జరిగారు.